దూరదేశ యుద్ధములలో మన సంస్థాన సైనికులు

ఆత్మకూరు అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణము. ఆ సంస్థానము నిజాము ప్రభువులకు లోబడి ఉండెడిది. కావున రెండు ప్రపంచ యుద్ధములలోను ఈ ప్రాంతము ఏ పక్షమున నిలువవలెనో నిర్ణయించినది హైదరాబాదు దర్బారే.

1914లో హైదరాబాదు అశ్వదళము ఈజిప్టునకు వెళ్లి, సూయజ్ కాలువను కాపాడి, పిమ్మట పరిశుద్ధ దేశములో పోరాడినది. 1918 సెప్టెంబరు 23న కర్మెలు కొండ దిగువనున్న హైఫాను జోధ్‌పూర్, మైసూరు రౌతులు పట్టుకొన్నారు. మన రౌతులు కూడ ఆ బ్రిగేడులోనివారే. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహములు ఈ మూడు సంస్థానముల సైనికులకు గుర్తు.

రెండవ యుద్ధము మరింత కఠినము. 1941 డిసెంబరు 8న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, జపాను సేనలు మలయాలోని కోటబారు తీరమున దిగినవి. అక్కడి విమానాశ్రయమును కాపాడుచున్నది 1వ హైదరాబాదు పదాతిదళము. దాని అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ ఆ పోరులోనే మరణించారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోగా వేలాది భారత సైనికులు ఖైదీలైనారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివారిలో అనేకులు న్యూగినీ వంటి దీవులలో వెట్టిచాకిరి చేశారు.

యుద్ధము ముగిసి మూడేండ్లకే, 1948 సెప్టెంబరులో, హైదరాబాదు సైన్యము భారత సైన్యమునకు లొంగిపోయి, తరువాత రద్దయినది. ఏ జెండాకు సలాము చేశారో ఆ జెండాయే లేకపోయినది. నిజాము కొలువన్న మాట వినగానే రజాకార్లు గుర్తుకు వచ్చు రోజులలో, మలయాలో పడిన బాధలు ఎవరికి చెప్పుకొనగలరు? శరీర గాయములు మానినను ఈ మౌనము మానలేదు. తండ్రి చెప్పనిది కుమారునికి తెలియలేదు.

మెదక్ దేవాలయమును కట్టించిన పాస్నెట్ దొరగారు 1895లో మన దేశమునకు వచ్చినప్పుడు, మొదట తిరుమలగిరి దండులోని సైనికుల మధ్యనే సేవ చేశారు. సైనికుని బాధ వినుట సంఘమునకు క్రొత్త పని కాదు.

యొర్దాను దాటిన పిమ్మట యెహోషువ పండ్రెండు రాళ్లు నిలిపించినది, పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పుటకే. మీ ఇంట పాత పతకము గాని, డిశ్చార్జి కాగితము గాని ఉన్నచో భద్రపరచండి. 1965, 1971 యుద్ధములు చూచిన వృద్ధులు మీ సంఘములో ఉన్నచో, వారి ప్రక్కన కూర్చుండి, చెప్పినది చెప్పినట్లు వ్రాసి పాస్టరుగారికి అందజేయండి. మనము నిలుపదగిన రాయి అదియే.