కరువు కూలీ – ఆహార వివాదం: మార్కాపురం ప్రాంతం, 1876–78

శాకాహారం ఆరోగ్యానికి మేలా, మాంసాహారం మేలా అనే చర్చ మీరు తరచు వింటూనే ఉంటారు. చరిత్ర విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్న వేరు: ఎవరు, ఏ పరిస్థితుల్లో, ఏమి తిన్నారు?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల అంచున ఉన్న ఈ మెట్టసీమలో కంభం చెరువు వంటి నీటి వనరుల కింద తప్ప వరి తక్కువ. జొన్న, సజ్జ, కొర్రలే ప్రధాన తిండిగింజలు. గొర్రెలు, మేకలు ఉన్నా పేదవాడికి మాంసం పండుగనాటి వంటకమే. ఏడాదిలో ఎక్కువ రోజులు అతడు శాకాహారే. నియమం వల్ల కాదు, లేమి వల్ల. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మన చర్చలు దారి తప్పుతున్నాయని నా అభిప్రాయం.

1876–78 కరువు కర్నూలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో పురుషుడి దినకూలీని ఒక పౌను ధాన్యానికి (సుమారు 450 గ్రాములు), ఒక అణాకు తగ్గించాడు. స్త్రీలకు అంతకంటే తక్కువ. రోజంతా మట్టి తవ్వి మోసే మనిషికి ఇది! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. రాజధాని ప్రజల ఆహారంపై, జైళ్లలోని ఖైదీల తిండిపై 1863లోనే నివేదిక వెలువరించిన వైద్యుడాయన. కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానికి తోడు కూరగాయలు, మాంసకృత్తులు ఉండాలని వాదించాడు. 1877 మార్చిలో కూలీని సుమారు 570 గ్రాముల ధాన్యానికి పెంచి, 43 గ్రాముల పప్పు చేర్చారు.

ఆ గుప్పెడు పప్పు ఎందుకు ముఖ్యం? జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కందిపప్పులో అది పుష్కలం. రెండూ కలిస్తే మాంసం లేకున్నా శరీరానికి కావలసిన మాంసకృత్తులు అందుతాయి. బి12 విటమిన్ సంగతి వేరు. సహజంగా అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం వంటి జంతు సంబంధ ఆహారాల నుంచే లభిస్తుంది. ఇంట్లో పాడి ఉన్న శాకాహారికి, గంజి మాత్రమే తాగే శాకాహారికి తేడా ఇక్కడే ఉంది.

తర్వాత కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి పరిశీలించాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు కొద్దిగా మాంసం ఉన్న సిక్కుల ఆహారంతో అవి బాగా ఎదిగాయి. పాలు తక్కువగా ఉన్న మద్రాసీల బియ్యపు తిండితో క్షీణించాయి.

కృత్యం: మీ ఇంటి పెద్దల బాల్యంలో పప్పు, పాలు, మాంసం వారానికి ఎన్నిసార్లు దొరికేవో, అందులో ఆడవారి వంతు ఎంతో అడిగి ఒక పుటలో రాయండి.