నలభై ఎనిమిదేళ్ల మొదటి విద్యార్థిని



పోయిన బుధవారం కూడిక అయిపోయాక అందరూ వెళ్లిపోయారు గాని ఒక సహోదరి మాత్రం మందిరం గుమ్మం దగ్గరే నిలబడింది. పేరు చెప్పము. మీలో చాలామందికి తెలిసిన మనిషే. ఆశ కార్యకర్తగా తండా తండాకు తిరుగుతుంది. పాకాల ఏరు పొంగి రాంపురం దారి మూసుకుపోయిన రోజున కూడా ఎవరికి నెలలు నిండాయో లెక్కపెట్టుకుంటూ కూర్చునే మనిషి. భర్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు, ఇద్దరు పిల్లలు. "అయ్యగారూ, నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెడుతున్నా. సంఘకాపరి లేఖ కావాలన్నారు" అంది.

ఇదే మాట ఆమె రెండేళ్ల క్రితం కూడా అడిగింది. అప్పుడు మేము ఏమన్నామో మాకు బాగా గుర్తుంది. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? పదిహేడేళ్ల పిల్లల మధ్య కూర్చుంటావా? నీ పిల్లల్ని చదివించుకో" అన్నాము. మంచి మాటే చెప్పామనుకున్నాము. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆ సహోదరి ఈ రెండేళ్లలో మాకు తెలియకుండా ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయింది. మొన్న మార్కుల మెమో మా చేతిలో పెట్టింది. ఇప్పుడు ఆమెకు 34 ఏళ్లు నిండాయి. జీఎన్ఎం కోర్సుకు భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన వయసు 17 నుంచి 35. వచ్చే ఏటి అడ్మిషన్ల నాటికి ఆమెకు 35 దాటిపోతాయి. అంటే ఇంకా మిగిలి ఉన్నది ఈ ఒక్క ఏడే. ముందు ఏడాదిని మా మాట తినేసింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో సంఘ చరిత్ర పాఠంలో విన్న ఒక పేరు గుర్తొచ్చి పాత నోట్సు తీశాము. ఆ పేరు థియోడర్ ఫ్లీడ్నర్. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చదివి మరిచిపోయిన పేరు.

ఫ్లీడ్నర్ మాలాంటి పల్లెటూరి పాస్టరే. జర్మనీలో రైన్ నది ఒడ్డున కైసర్స్‌వెర్త్ అనే చిన్న ఊరికి 1822లో కాపరిగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఊరంతా కథోలిక్కులు, ప్రొటెస్టంట్ కుటుంబాలు కొద్ది. ఆ కొద్దిమందికీ కూడు పెడుతున్న బట్టల మిల్లు ఆయన వచ్చిన కొద్దికాలానికే దివాలా తీసింది. సంఘానికి జీతం ఇచ్చే దిక్కు లేదు. వేరే ఊరు చూసుకోమని చెప్పినా ఆయన వెళ్లలేదు. చందాల కోసం హాలండుకు, ఇంగ్లండుకు బయలుదేరాడు. చందాల పుస్తకం పట్టుకుని తిరగడమంటే ఏమిటో మన సంఘపెద్దలకు వివరించనక్కరలేదు. ఆ తిరుగుడులోనే చెరసాలలు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు చూశాడు. ఇంటికొచ్చాక 1833లో, జైలు నుంచి విడుదలైన ఒక స్త్రీకి తన పెరట్లోని చిన్న తోట ఇంట్లో చోటిచ్చాడు. ఆయన పరిచర్య అలా మొదలైంది.

1836 అక్టోబరులో ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రెడరికె కలిసి ఒక పెద్ద ఇల్లు తీసుకుని ఆసుపత్రి తెరిచారు. చేతిలో డబ్బు లేదు. లోపల సామానంటే ఒక బల్ల, విరిగిన కుర్చీలు, పురుగు తిన్న మంచాలు, ఏడు దుప్పట్లు. రోగుల సేవ నేర్చుకుని చేయడానికి స్త్రీలు కావాలి. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు పేరు పెట్టి సిఫారసు చేసిన కెంక్రేయ సంఘపు ఫీబేను ఆయన మాదిరిగా పెట్టుకున్నాడు. సంఘంలో ఆగిపోయిన స్త్రీ పరిచారకుల పనిని తిరిగి లేపాలన్నది ఆయన ఉద్దేశం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పౌలు ఫీబే గురించి రాసినది ఏమిటి? ఒక సిఫారసు లేఖ. ఈ స్త్రీ మీ దగ్గరికి వస్తోంది, చేర్చుకోండి, ఆమెకు కావలసిన సాయం చేయండి అని. అపొస్తలుడు రాసిన అలాంటి లేఖను ప్రతి ఏడాదీ ప్రసంగించే మేము, మా సంఘంలోని స్త్రీ లేఖ అడిగితే రెండేళ్లు ఆలస్యం చేశాము.

కైసర్స్‌వెర్త్‌లో మొట్టమొదట చేరినది గెర్ట్రూడ్ రైఖార్ట్. 1788లో పుట్టిన మనిషి. అంటే చేరేనాటికి 48 ఏళ్లు. పెళ్లి కాలేదు. తండ్రి వైద్యుడు, ఆయన వెంట ఉండి రోగులను చూసుకున్న అనుభవం తప్ప ఏ బడిలోనూ నర్సింగ్ నేర్చుకున్నది లేదు. అసలు అప్పటికి అలాంటి బడి ఉంటే కదా! ప్రొటెస్టంట్ సంఘ చరిత్రలో ఒక శిక్షణా సంస్థలో చేరిన మొదటి డీకనెస్ నర్సు 48 ఏళ్ల మనిషి. ఈ లెక్క వేసుకున్నాక మేము నోట్సు మూసి కాసేపు ఊరికే కూర్చున్నాము.

ఆ ఆసుపత్రికే 1850లో ఒకసారి కొద్దిరోజుల కోసం, 1851లో మళ్లీ మూడు నెలల కోసం వచ్చిన ఇంగ్లీషు స్త్రీ ఫ్లారెన్స్ నైటింగేల్. దీపం పట్టుకున్న స్త్రీ అని బడిలో మనమంతా చదివాము గాని, ఆమె ఎంత ఆలస్యంగా బయలుదేరిందో పుస్తకంలో చెప్పరు. 1837లో, 16 ఏళ్ల వయసులో దేవుడు తనను పిలిచాడని ఆమె నమ్మింది. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆసుపత్రి పని అంటే తాగుబోతులు, దిక్కులేనివారు చేసే పనిగా చూసేవారు. గొప్పింటి పిల్లను దానికి ఎవరు పంపుతారు? అలా పద్నాలుగేళ్లు గడిచాయి. శిక్షణకు కైసర్స్‌వెర్త్ వచ్చేసరికి ఆమెకు 31. మొదటి ఉద్యోగం 1853లో, 33 ఏళ్లకు. నిజం చెప్పాలంటే కైసర్స్‌వెర్త్‌లో నర్సింగ్ పద్ధతి గొప్పగా లేదనీ, శుభ్రత బొత్తిగా తక్కువనీ తర్వాత ఆమే రాసింది. అక్కడి స్త్రీల భక్తిని మాత్రం మెచ్చుకుంది. మన మిషను చరిత్రలు రాసేవారు మొదటి సగం వదిలేసి రెండో సగమే చెబుతుంటారు. రెండూ చెప్పడమే మంచిది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరున నర్సింగ్ బడి మొదలైంది. చేర్చుకునే నియమాలలో, తగిన వయసు 25 నుంచి 35 అని పెట్టారు. పదిహేడేళ్ల పిల్ల ఆ రోజున వచ్చి నిలబడితే, ఇంకా చిన్నదానివమ్మా, తర్వాత రా అనేవారన్నమాట. మేము మన సహోదరికి ఏ మాట చెప్పామో దానికి సరిగ్గా తలకిందులు. వయసుతోపాటు మంచి నడవడికి పత్రం కూడా అడిగేవారు. చావు, రక్తం, రాత్రి కాపలా తట్టుకోవడానికి కొంచెం జీవితం చూసిన మనిషి కావాలని వారికి అనిపించి ఉంటుంది. స్కూలు చదువు కాగానే కాలేజీ, కాలేజీ కాగానే ఉద్యోగం అనే వరుస తర్వాత వచ్చింది. అది వచ్చాక ఆదినుంచీ అలాగే ఉందని మనం అనుకుంటున్నాము.

ఇక మన దేశం సంగతి. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలైంది. మన తెలుగు నేలకు వస్తే గుంటూరు గురించి చెప్పాలి. లూథరన్ మిషను డాక్టరమ్మ అన్నా సారా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరు చదువు చదివి వచ్చినా మిషను ఆమెకు మొదట అప్పగించింది జెనానా పని, బడి పని. వైద్యసేవకు నియామకం దొరకడానికి రెండేళ్లు పట్టింది. సంఘాలు, మిషనులు స్త్రీలను నిలబెట్టి ఎదురుచూడనివ్వడం మాతో మొదలైంది కాదని తెలిసి మాకు ఊరట కలగలేదు, సిగ్గే కలిగింది. ఆమె ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

ఆ ఆసుపత్రులలో మొదటి తెలుగు నర్సులు ఎక్కువగా మన క్రైస్తవ స్త్రీలే ఎందుకయ్యారు? దీని గురించి మన పెద్దలు గొప్పగా చెప్పుకుంటారు గాని, కొంత చేదు కూడా ఉంది. కాన్పు, మైల, రక్తం ముట్టుకునే పని పెద్ద కులాలవారు చేయరు. ఊళ్లో మంత్రసాని ఎవరు? మాలపల్లె నుంచో, మాదిగపల్లె నుంచో వచ్చే ముసలమ్మ. అర్ధరాత్రి పిలిస్తే వెళ్లి, ప్రాణం నిలబెట్టి, బొడ్డు కోసి, దొడ్డి దారిన ఇంటికి వచ్చేది. కూలి చేటలో పోసిన గింజలు. ఆమె చేతిలోని విద్యకు ఎవరూ విద్య అని పేరు పెట్టలేదు. మిషను ఆసుపత్రి ఆమె మనవరాలిని పిలిచి, తెల్లచీర కట్టించి, పుస్తకం ఇచ్చి, పరీక్ష పెట్టింది. అవే చేతులు, అదే పని. ఈసారి ముందు గుమ్మంలోనుంచి లోపలికి వెళ్లింది. నిర్గమకాండములో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు రాసి, ఫరో పేరు రాయకుండా వదిలేసిన దేవుని గ్రంథం మన ఊళ్ల మంత్రసానుల మనవరాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

మన పక్క స్టేషను డోర్నకల్ కూడా ఈ కథలో ఉంది. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్యగారు ఉపదేశకులకు, గురువులకు శిక్షణ పెట్టినప్పుడు భర్తలతోపాటు భార్యలను కూడా రప్పించారు. చంకలో పిల్లలున్న తల్లులు పలక పట్టుకుని కూర్చున్నారు. వయసు మీరింది, సంసారం ఉంది అని వారిని ఇంటికి పంపలేదు. మన పల్లెల్లో మొదటగా చదవడం నేర్చుకున్న స్త్రీలలో అలాంటి తల్లులున్నారు.

మన సంఘానికి చెందనివారిని కూడా ఒకరిని చెప్పాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, బయటికొచ్చాకే మెట్రిక్ చదువు పట్టుకున్నారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. చేసి, తర్వాత లా కూడా చదివారు. తాను పడ్డ పాట్లు వేరే ఆడపిల్లలు పడకూడదని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు తెచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్త వదిలేసినవారు రెండు మూడేళ్లలో పరీక్షకు సిద్ధమై నర్సులుగా, మంత్రసానులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా వెళ్లే దారి అది. దయతో పెట్టిందని మాత్రమే అనుకోవద్దు, అవసరం అంత ఉంది. 1946లో భోర్ కమిటీ లెక్కలో దేశం మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. సుమారు 43,000 మందికి ఒక నర్సు! పదిహేడేళ్ల పిల్లలు పాసై వచ్చేదాకా ఆగే తీరిక దేశానికి లేదు. దుర్గాబాయిగారు ఈ సంగతి గ్రహించారు. సంఘంలో కూర్చున్న మేము గ్రహించలేదు.

ఇప్పటి నియమాలలో ఒక వింత ఉంది. 2005లో ఆశ పథకం మొదలైనప్పుడు ఊరికొక ఆశగా 25 నుంచి 45 ఏళ్ల స్త్రీ కావాలన్నారు, పెళ్లయినవారైనా, వితంతువులైనా మేలన్నారు. ఊళ్లో నిలిచి ఉంటారు, తల్లులు వారి మాట వింటారు అని. అదే మనిషి అదే పనిని ఇంకా బాగా నేర్చుకోవాలనుకుంటే 35 దగ్గర గీత. ఏఎన్ఎంగా ఇప్పటికే ఉన్నవారు జీఎన్ఎంకు వస్తే ఆ గీత లేదు, ఆశలకు ఉంది. ఈ గీత గురించి మాట్లాడవలసినవారు మాట్లాడాలి. మేము మాత్రం మా చేతిలో ఉన్నది చేయాలి.

గురువారం పొద్దున్నే లేఖ రాశాము. మొదట ఎప్పటిలాగే, ఈమె మా సంఘ సభ్యురాలు, మంచి నడవడి గలది అని రెండు వరుసలు రాశాము. చదివితే ఏమీ చెప్పినట్టు లేదు. చింపేసి మళ్లీ రాశాము. ఎన్నేళ్లుగా ఏ తండాల్లో తిరుగుతోంది, రాత్రివేళ ఎన్నిసార్లు గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్లింది, ఇంటర్ ఎలా పూర్తి చేసింది, అన్నీ రాశాము. రెండేళ్ల క్రితం తాను అడిగినప్పుడే ఈ లేఖ ఇవ్వవలసింది, ఆలస్యం కాపరిది అని చివర్లో ఒక వాక్యం చేర్చాము. అది ఉంచాలా తీసేయాలా అని అమ్మగారిని అడిగితే, ఉంచండి అంది.

ఇంకా చిక్కులున్నాయి. హాస్టల్లో ఉండాలి, మూడేళ్లు. ఫీజు సంగతి తేలలేదు. అత్తగారు పిల్లలను చూస్తానంటోంది గాని ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆదివారం ఆరాధన తర్వాత సంఘపెద్దలు పది నిమిషాలు కూర్చోవాలని మనవి.

మంగళవారం పొద్దున ఆమె కాగితాలు తీసుకుని రైలెక్కుతుంది. ఆ రోజు చిన్నవాడికి జడిలో గొడుగు పట్టి బడిలో దింపే పని మాకు అప్పగించింది.