చెంగిచర్ల, రుద్రారం: హైదరాబాద్ గేదె మాంసం వ్యాపారం

భారత్ విదేశాలకు పంపే బీఫ్ అంటే గేదె మాంసమే. ఆవు మాంసం ఎగుమతి నిషిద్ధం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ఆవులను, దూడలను వధించరాదంది. వట్టిపోయిన గేదెలకు మాత్రం ధ్రువపత్రంతో దారి వదిలింది.

ఉప్పల్, నాచారం దాటాక వచ్చే చెంగిచర్ల కబేళాకు నగరం గిరాకీయే ఆధారం. 1999లో జాతీయ మాంస పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ కూడా ఇప్పుడు చెంగిచర్లలోనే ఉంది. ఎగుమతి పెట్టుబడి మాత్రం నగరానికి పడమర దిక్కు పట్టింది. పటాన్‌చెరు దగ్గరి రుద్రారంలో అల్ కబీర్ సంస్థ మాంస కర్మాగారాన్ని గల్ఫ్ మార్కెట్ కోసం తలపెట్టారు. పశుసంపద తరిగిపోతుందంటూ మొదలైన వ్యాజ్యం సుప్రీంకోర్టులో 2006 దాకా నలిగింది. కోర్టు మూసివేతకు ఒప్పుకోలేదు. ఎగుమతి విధానాన్ని సమీక్షించమని కేంద్రానికి సూచించింది.

ఈ మాంసం చవక కావడానికి కారణం పాడి. గేదెను మేపిన ఖర్చు పాలలోనే తిరిగి వస్తుంది. ఈతలు ఉడిగాక అమ్మితే వచ్చే సొమ్ము రైతుకు కొత్త గేదె ధరలో కొంత. ఆ లెక్క పట్టకుండా సాగిన వాదనలే ఎక్కువ.

పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి భయంతో అమెరికా వంటి దేశాలు ఈ సరుకును రానివ్వవు. రానిచ్చే దేశాలకు పంపేందుకు కళేబరాన్ని 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చలిలో 24 గంటలు ఉంచి, కండరం పీహెచ్ 6 కంటే తగ్గాకే ఎముకలు, గ్రంథులు తీస్తారు. ఆ ఆమ్లగుణానికి కండలోని వైరస్ చస్తుంది. తర్వాత గడ్డకట్టించి అట్టపెట్టెల్లో సర్ది గల్ఫ్, ఆగ్నేయాసియా రేవులకు పంపుతారు.