నల్లంచి

నల్లంచి భారతదేశం, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్‌లతో పాటు శ్రీలంక దీవిలోనూ కనిపించే చిన్న పాటపిట్ట. శాస్త్రీయ నామం కాప్సికస్ ఫులికేటస్. తోకతో కలిపి సుమారు 19 సెం.మీ. ఉంటుంది. మగదానికి భుజం మీద తెల్ల మచ్చ, తరచూ నిక్కబొడుచుకునే తోక కింద ఇటుక రంగు. ఆడది బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, దానికి తెల్ల మచ్చ ఉండదు.

1766లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టినప్పుడు ఫిలిప్పీన్స్ దీవుల పిట్ట అని రాశాడు. అక్కడ నల్లంచి అసలు లేనే లేదు! తర్వాతివారు దాన్ని దిద్ది పుదుచ్చేరిని మూలస్థానంగా నిర్ణయించారు.

ఏ ప్రాంతపు నల్లంచో తెలుసుకోవాలంటే మగపిట్ట వీపు చూడాలి. తమిళనాడు, కేరళ వైపు నిగనిగలాడే నలుపు, ఉత్తరాదిన గోధుమ రంగు. శ్రీలంక ఉపజాతి ల్యూకోప్టెరస్ కూడా దక్షిణాది పిట్టలాగే నల్లనిది. హిమయుగాల్లో సముద్రం తగ్గినప్పుడల్లా లంకకూ తమిళ తీరానికీ మధ్య నేల తేలేది కాబట్టి ఈ పోలికలో వింతేమీ లేదు. దీవి పిట్టకూ తమిళ పిట్టకూ మధ్య కన్నా, తమిళ పిట్టకూ ఢిల్లీ పిట్టకూ మధ్యే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ రెండు రంగుల నడుమ దక్కనులో ఉండేది ఇంటర్మీడియస్ ఉపజాతి. పక్షి శాస్త్రవేత్తలు విస్లర్, కినియర్ దీన్ని 1932లో వర్ణించారు. సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే జరిపిందీ ఆ రోజుల్లోనే. గోదావరికి దక్షిణాన, రామగుండం పక్కనున్న బసంత్‌నగర్ ఈ నడిమి మండలంలోకే వస్తుంది. ఉపజాతులు ఐదని పుస్తకాలు లెక్క చెబుతాయి గానీ, నేల మీద వీటిని గీత గీసి విడదీయలేం. ఒక రంగు మెల్లగా మరో రంగులోకి జారుతుంది.

దట్టమైన అడవి నల్లంచికి గిట్టదు. రాతినేల, తుప్పలు, గోడల పగుళ్లు కావాలి. సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీ, బొగ్గుగనులున్న బసంత్‌నగర్ ప్రాంతంలో వాటికి కొదవ లేదు. రాళ్ల సందులోనో గోడ బొక్కలోనో గూడు కట్టి, లోపల వెంట్రుకలు, తరచుగా పాము కుబుసం ముక్కలు పరుస్తుంది. మూడు నాలుగు గుడ్లను ఆడదే పొదుగుతుంది. తిండి ఎక్కువగా పురుగులే. పిల్లలున్నప్పుడు చిన్న బల్లులను, కప్పలను కూడా పడుతుంది.

పాత పుస్తకాల్లో ఇదే పిట్ట సాక్సికొలాయిడిస్ ప్రజాతి కింద ఉంటుంది. డీఎన్‌ఏ పరిశోధనల తర్వాత దాన్ని పెద్ద నల్లంచి అనే మరో పిట్ట ఉన్న కాప్సికస్‌లో చేర్చారు.