ఆకలి చలికాలంలో కడుపున పడ్డవాళ్లు

"వాళ్లమ్మ వైపు ఈ జబ్బు ఉందండీ." డిప్రెషన్‌తో ఓ కోడలిని మా ఓపీకి తీసుకొచ్చినప్పుడు అత్తింటివాళ్లు తరచూ అనే మాట ఇది. మనోవైద్యురాలిగా ఆ మాట విన్నప్పుడల్లా నాకు రెండో ప్రపంచ యుద్ధం నాటి నెదర్లాండ్స్ ఆకలి చలికాలం గుర్తొస్తుంది.

1944 సెప్టెంబరులో మిత్రరాజ్యాల సేనలకు సాయంగా డచ్ రైల్వే ఉద్యోగులు సమ్మె కట్టారు. దానికి కక్షగట్టి, ఆ దేశాన్ని ఆక్రమించుకున్న జర్మన్లు పడమటి నగరాలకు తిండి పోకుండా ఆపేశారు. తర్వాత కొంత సడలించినా ఆ చలికి కాలువలు గడ్డకట్టి పడవలు నడవలేదు. నవంబరు చివరికి రేషన్ రోజుకు 1000 కేలరీల లోపుకు, ఫిబ్రవరికల్లా 600 దరిదాపులకు పడిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. పొయ్యిలోకి ట్రాం పట్టాల మధ్య చెక్కదిమ్మలు పెకలించుకుపోయారు. 1945 మే నెలలో విముక్తి వచ్చేలోపు దాదాపు 20,000 మంది చనిపోయారు.

అంత కరువులోనూ అక్కడి విల్హెల్మినా ఆసుపత్రి కాన్పుల వార్డులో రాసే పని ఆగలేదు. బిడ్డ బరువు, తల చుట్టుకొలత, చివరికి మాయ బరువు కూడా తూచి రాసిపెట్టారు. ఆకలితో ఉండి కూడా ఆ పని మానని నర్సులకు, మంత్రసానులకు నేను చేతులెత్తి మొక్కుతాను. దశాబ్దాల తర్వాత పరిశోధకులు ఆ పిల్లల్ని వెతికి పట్టుకోగలిగింది ఆ రాతల వల్లే.

2000లో అలాన్ బ్రౌన్ బృందం డచ్ మానసిక ఆసుపత్రుల రికార్డులు చూసింది. నాలుగో నెల నుంచి గర్భంలో ఆ కరువుకు గురైనవాళ్లలో, ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన డిప్రెషన్ వంటి జబ్బులు ఎక్కువగా కనిపించాయి. 2008లో హైమన్స్, లూమే బృందం, ఆ కరువు రోజుల్లోనే కడుపున పడ్డ 60 మందిని వాళ్ల తోబుట్టువులతోనే పోల్చింది. తల్లి అదే, వంశమూ అదే. అయినా ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వీళ్లలో తక్కువగా ఉన్నాయి. జన్యువు రాత మారలేదు, అది ఎంత పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులే మారాయి. దాదాపు అరవై ఏళ్లు గడిచినా ఆ తేడా చెరిగిపోలేదు!

ఇక్కడ ఒక జాగ్రత్త. ఐజీఎఫ్2 ఎదుగుదలకు సంబంధించిన జన్యువు, ఆ గుర్తులు చూసింది రక్తంలో. అవే డిప్రెషన్ తెచ్చాయని రుజువు కాలేదు. పైగా ఆ తల్లులు ఆకలితోపాటు చలినీ, యుద్ధ భయాన్నీ భరించారు. అందుకే "తల్లి తినకపోతే బిడ్డకు మనోవ్యాధి" అని పత్రికల్లో శీర్షిక చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ తల్లులు తినక మానలేదు, వాళ్లను తిననివ్వలేదు. పడవల్లో తిండి రాకుండా ఆపించినవాడు ఆక్రమిత నెదర్లాండ్స్‌ను ఏలిన ఆర్థర్ జైస్-ఇన్‌క్వార్ట్. న్యూరెంబర్గ్ విచారణలో దోషిగా తేలి, 1946 అక్టోబరులో ఉరికంబం ఎక్కాడు.