తప్పిన దేహదార్ఢ్యము తిరిగి వచ్చుటెట్లు?

జబ్బు వలననో, పని ఒత్తిడి వలననో కొన్ని నెలలు వ్యాయామము మానినవాడు మొదట అడుగు ప్రశ్న ఒకటే: “ఏ వ్యాయామము మంచిది?” వ్యాయామ శాస్త్ర చరిత్రను పరిశీలించినచో దీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: “ఎంతతో మొదలుపెట్టి, ఎట్లు పెంచవలెను?”

మన తాలింఖానాలలో ఈ సూత్రము ఆచరణలో ఉండెడిది. కొత్త శిష్యుడు బస్కీలు, దండీలతో ప్రారంభించి, వాని లెక్క పెంచుకొనుచు, ఒళ్ళు గట్టిపడిన పిమ్మట బరువులు ముట్టెడివాడు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ముపై ఏనుగును నిలుపుకొని 20వ శతాబ్దపు తొలి దశకములలో దేశమంతట పేరొందెను. ప్రేక్షకులు చూచినది క్షణకాలపు బలము. దాని వెనుక ఉన్నది ఏండ్ల సాధన.

ఈ క్రమమునకు కొలత ఏర్పరచినవాడు థామస్ డిలార్మ్ అను అమెరికా సైనిక వైద్యుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున గాయపడి, కట్లలో కదలక పడియున్న సైనికుల తొడ కండరములు శుష్కించెడివి. తేలిక బరువును అనేక పర్యాయములు ఎత్తించుటకు బదులు, బరువునే క్రమముగా పెంచు పద్ధతి ఫలితములను డిలార్మ్ 1945లో ప్రకటించెను. 1948 నాటికి అది ఇట్లు స్థిరపడెను: రోగి వరుసగా 10 సార్లు మాత్రమే ఎత్తగల బరువు 12 కిలోలైనచో, 6 కిలోలతో 10 సార్లు, 9 కిలోలతో 10 సార్లు, 12 కిలోలతో 10 సార్లు ఎత్తించవలెను. బలము పెరిగిన కొలది ఆ బరువును పెంచవలెను.

కండబలము ఒక్కటే చాలదు. గుండెకు ఓర్పు కావలెను. 1966లో అమెరికాలోని డల్లాసు నగరమున 20 ఏండ్ల యువకులను ఐదుగురిని 3 వారములు మంచముపై ఉంచిరి. శరీరము నిమిషమునకు గరిష్ఠముగా వినియోగించగల ఆమ్లజని నాల్గవ వంతునకు పైగా తగ్గెను. ఒక్కొక్క స్పందనమునకు గుండె పంపు రక్తము తగ్గుటయే ఇందుకు ముఖ్య కారణము. తరువాతి శిక్షణతో పోయిన శక్తి తిరిగి వచ్చెను. 30 ఏండ్లకు అదే ఐదుగురిని మరల పరీక్షించగా, 30 ఏండ్ల వయస్సు చేసిన నష్టము కంటె 3 వారముల మంచము చేసిన నష్టమే పెద్దదని తేలెను! నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కుట 6 నెలలు క్రమముగా పెంచగా, వారి సామర్థ్యము 1966లో మంచమెక్కక మునుపటి స్థాయికి చేరెను.

తొందర ఏల కూడదు? కండరము కొన్ని వారములలో బలపడును. దానిని ఎముకకు కట్టియుంచు స్నాయుబంధనము అంత త్వరగా గట్టిపడదు. తొలి ఉత్సాహమున గాయములగుటకు ఇది ఒక కారణము.

నెల్లూరు జిల్లా సంగములో ఒక ఉపాధ్యాయుడు చాలకాలమునకు వ్యాయామమునకు పూనుకొనెననుకొందము. తొలినాడే ఉదయగిరి దుర్గము ఎక్కబూనుట కంటె పెన్న ఒడ్డున పది నిమిషముల నడక మేలు. మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము తగినది. వారము వారము కొంత పెంచుచు, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించినట్లు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమకు చేరవలెను. రెండు దినములు బస్కీలు, దండీలు వంటి బలసాధన చేర్చవలెను. గుండెజబ్బు వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించవలెను.

విద్యార్థులు వారమునకొకసారి తమ బస్కీల లెక్కను, విశ్రాంతిలోని నాడి వేగమును వ్రాసికొని రేఖాపటము గీయవచ్చును. మూడు నెలలకు ఆ రేఖయే ఏ పద్ధతి తమకు సరిపడినదో చెప్పును.