బిసానత్తము బంగారు గనియు, వడ్డెర సోదరుల సమ్మతియు

చెన్నపట్టణమునుండి బెంగళూరునకు పోవు ఇనుపదారిలో జోలారుపేట దాటి కుప్పము, గుడుపల్లె అను స్టేషనులు గడచిన పిమ్మట బిసానత్తము అను చిన్న స్టేషను కానవచ్చును. బండిలోని పెద్దమనుష్యులు ఆ పేరు చదివి ఊరకుందురు. కాని చిత్తూరు జిల్లా వడ్డెర కుటుంబములకు ఆ పేరు ఊరకుండదగినది కాదు. ఆ పల్లె చుట్టుపట్లనున్న రాతిలో బంగారమున్నది. దానిని త్రవ్వితీసిన గని మూతపడినది. దానిని మరల తెరచి విస్తరింపవలెనని ఆ ప్రాంత ప్రజలు చాలకాలముగ కోరుచున్నారు. మన సంఘీయులును ఆ కోరికకు తోడ్పడవలెనా, తోడ్పడినచో ఏ మాటపై తోడ్పడవలెను అను ప్రశ్న మనయెదుట నిలిచినది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు గతమును కొంత విచారించుట యుక్తము. మహాజనులును, సంఘ పోషకులును ఓపికతో చదువ ప్రార్థన.

భూమిని త్రవ్వుటయు రాతిని పగులగొట్టుటయు మన కులవృత్తులు. మన్ను వడ్డెలనియు రాతి వడ్డెలనియు మనలో ఏర్పడిన భేదము పని భేదమేగాని వేరుకాదు. దక్షిణ దేశమున చెరువుకట్టలు, దిగుడుబావులు, కోటగోడలు, తరువాత రోడ్లు, రైలుకట్టలు మన పలుగుపారలు ఎరుగనివి అరుదు. 1864 లో జోలారుపేటనుండి బెంగళూరునకు రైలు నడచినది. ఆ దారికి కట్టలు పోసి రాళ్లు పరచిన కూలీల పేర్లు ఏ ఫలకముమీదను లేవు. శాసనములు చెక్కించిన ప్రభువుల పేర్లు నిలిచినవి. శాసనమునకు రాతిని తెచ్చినవాని పేరు నిలువలేదు. చరిత్రకారులను నిందించి లాభము లేదు, మనలో వ్రాయనేర్చినవారు అప్పుడు లేకపోయిరి.

ఇక బంగారు మాట. కోలారు ప్రాంతమున ఉత్తర దక్షిణములుగ సాగు నల్లరాతి పట్టీయొకటి కలదు. అందు తెల్లని స్ఫటికపు చారలలో బంగారము దాగియుండును. ఆ పట్టీ మైసూరు సరిహద్దుతో ఆగిపోలేదు. దక్షిణముగ సాగి కుప్పము సీమలో ప్రవేశించినది. ఈ సీమ పూర్వము కంగుంది జమీందారీలోనిదై ఉత్తరార్కాటు జిల్లాలో చేరియుండెను. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఇందు కలిసినది. 2022 లో తిరుపతి జిల్లా వేరుపడినను కుప్పము చిత్తూరులోనే నిలిచినది. సర్కారు గీచిన గీతలు ఎన్నిమారులు మారినను రాతిపట్టీ మాత్రము తనదారిని తాను పోవుచునేయున్నది!

1802 లో మైసూరు తూర్పు సరిహద్దును కొలుచుటకు వచ్చిన జాన్ వారెన్ అను ఆంగ్ల సైనికోద్యోగి ఈ బంగారు మాట పల్లెజనులవలన విన్నాడు. ఊరిగాము, మారికుప్పము ప్రాంతములలో మన్ను కడిగి రేణువులు తీయు పద్ధతిని కన్నులార చూచి వ్రాసినాడు. ఆ వ్రాతనుబట్టి గమనింపవలసినది ఏమనగా, దొరలు రాకముందే ఇచటి జనము నేల లోపలికి దిగి రాయి తెచ్చి, దంచి, కడిగి, బంగారము తీయుచుండిరి. తరువాతివారు పూర్వుల గోతులను అనేకములు కనుగొనిరి. రాతిని నిప్పుతో కాల్చి పగులగొట్టి దిగిన గోతులవి. ప్రమాదములవలన 1859 లో ప్రభుత్వమువారు దేశీయులు నేలలోపల త్రవ్వుటను నిషేధించిరి. ఇది ప్రాణరక్షణకే అని చెప్పబడినది. అయినను ఆ నిషేధము తరువాత రెండు దశాబ్దములు గడువకముందే అదే నేల పరదేశ కంపెనీలకు తెరవబడుట గమనింపదగిన విషయము.

న్యూజిలాండులో బంగారు పిచ్చి రుచి చూచి వచ్చిన లావెల్ అను ఐరిష్ సిపాయి వారెన్ వ్రాతను చదివి, ఎద్దుబండిపై కోలారు సీమకు వచ్చి, 1873 లో మైసూరు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. బంగారమున్నదని అధికారులు నమ్మక, కావలసినచో బొగ్గు వెదకుకొమ్మనిరని చెప్పుదురు. బొగ్గు వలదు, బంగారమే కావలెనని అతడు పట్టుబట్టి 1875 లో కౌలు సంపాదించెను. 1880 లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన పిమ్మట గనులు నిలదొక్కుకొనినవి. 1894 లో బౌరింగుపేటనుండి మారికుప్పమునకు రైలుశాఖ వచ్చినది. 1902 లో శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి విద్యుచ్ఛక్తి తెచ్చిరి. ఆసియాఖండములోనే అంతదూరము విద్యుత్తును పంపుట అప్పటికి అపూర్వము. బెంగళూరు వీధులకంటె ముందు గనికి దీపము వెలిగినది!

ఆ దీపము క్రింద పనిచేసినవారెవరు? అత్యధికసంఖ్యాకులు ఉత్తరార్కాటు, చిత్తూరు, సేలము సీమల బీదకూలీలు. వారిలో ఆదిద్రావిడ సోదరుల భాగము ఎక్కువ. ఆ కష్టమునకు ప్రథమ గౌరవము వారికే చెందవలెను. కులాభిమానముచేత ఇతరుల కష్టమును మన ఖాతాలో వ్రాసికొనుట ధర్మముగాదు. కరవు వచ్చినపుడు కుప్పము, పలమనేరు తాలూకాల పేదవాని కాళ్లు ఏ కులమువానివైనను గనివైపే నడచినవి. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసికొని, వెదురుతట్టెల గుడిసెలో కాపురముండి, వేలకొలది అడుగుల లోతునకు దిగిరి. చాంపియన్ రీఫ్ గని చివరకు మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు పోయినది. అంత లోతున రాయి తనంతట తాను ఒత్తిడికి పేలును. దానిని రాక్ బరస్టు అందురు. రాతిని మనము కొట్టుట ఎరుగుదుము. రాయి మనలను కొట్టుట అచటివారు ఎరుగుదురు.

ఇచట 1930 నాటి సమ్మెనుగూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. కార్మికులందరును కంపెనీ కార్యాలయమున వేలిముద్రలు వేసి నమోదు కావలెనని ఆ సంవత్సరము ఏర్పాటు చేయబడెను. బంగారు దొంగతనమును అరికట్టుటకే అని కంపెనీవారి సమర్థన. వేలకొలది కార్మికులు 21 దినములు పని మానిరి. చదువుకొనినవారికి వేలిముద్ర స్వల్పవిషయముగ తోచును. కాని ఆ కాలమున వేలిముద్ర తీయబడునది నేరస్థులకు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టము, అనగా జాతులకు జాతులనే నేరస్థులుగ ముద్రవేసిన చట్టము, 1871 లో పుట్టి 1911 లో మదరాసు రాజధానికిని వ్యాపించినది. మన కులమునందలి కొన్ని శాఖలును ఆ ముద్రకు లోనైనవి. పుట్టిన బిడ్డకు దొంగ అని పేరు పెట్టి పోలీసు స్టేషనులో హాజరు వేయించిన కాలమది. 1952 లో ఆ చట్టము రద్దయినదిగాని పెద్దల మనసులనుండి రద్దగుటకు ఇంకను కాలము పట్టినది. కావున కోలారు కార్మికుడు వ్రేలు ఎత్తనని పట్టుబట్టినపుడు అతడు కూలికొరకుమాత్రమే పట్టుబట్టలేదని మనము గ్రహింపగలము. ఇతరులకు ఇది బోధపడుట కష్టము.

ప్రాణముకంటె మెల్లగ తీయునది మరియొకటి కలదు. అది రాతిధూళి. సిలికోసిస్ అను ఊపిరితిత్తుల రోగము మనదేశమున మొట్టమొదట 1947 లో వెల్లడియైనది ఈ కోలారు గనులలోనే. పరీక్షింపబడిన కార్మికులలో నూటికి నలుబదిమందికి మించి ఆ రోగలక్షణములు కనబడినవి. వైద్యులు తరచు దీనిని క్షయయని భ్రమింతురు. రాతి క్వారీలలో పనిచేయు మన సోదరులకును ఇదియే రోగము వచ్చును. కుప్పము ఆకుపచ్చ గ్రానైటు దేశదేశముల మేడలలో మెరయుచున్నది. దానిని చెక్కినవాని దగ్గు మేడలోనివారికి వినబడదు.

1956 లో మైసూరు ప్రభుత్వము కోలారు గనులను స్వాధీనపరచుకొనెను. 1962 లో అవి కేంద్రమునకు పోయినవి. 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ అను సంస్థ ఏర్పడినది. ఆ సంస్థవారే మన కుప్పము సీమలో బిసానత్తము, చిగురుగుంట గనులను నడపిరి. గ్రామీణులు బండి ఎక్కి మారికుప్పమునకు పోనక్కరలేక తమ గుమ్మమునొద్దనే గనిపని దొరకినది. నెలజీతము వచ్చినది, పిల్లలు బడికి పోయిరి. ఒక చిన్న గని ఒక మెట్టసీమకు ఏమి చేయగలదో మన చిత్తూరు పడమటి పల్లెలు ఎరుగును. అచట వానలు తక్కువ. బావులు ఎంత త్రవ్వినను లోతు పెరుగునేగాని నీరు పెరుగదు.

కాని రాతిలో బంగారము తగ్గుచు, లోతు పెరుగుచు, ఖర్చు హెచ్చుచు వచ్చెను. 2001 జనవరిలో చిగురుగుంట గని మూతపడెను. ఫిబ్రవరి 28 న కోలారు గనులు మూతపడెను. సుమారు 120 సంవత్సరములలో దాదాపు 800 టన్నుల బంగారమిచ్చిన నేల అది. మూతపడుటకు లెక్కలు చెప్పిరి. ఆ లెక్కలు తప్పనజాలము. అయినను నడివయసున ఇంటికి పంపబడిన గనికార్మికునికి వేరొక పని నేర్పువారెవరును రాలేదు. కొందరు బెంగళూరు కట్టడములకు పోయిరి. కొందరు మరల క్వారీ సుత్తినే పట్టిరి.

తరువాత ధర పెరిగినది. నష్టమన్న రాయే లాభముగ కనబడసాగెను. చిగురుగుంట–బిసానత్తము క్షేత్రమున 18 లక్షల టన్నుల రాయి, టన్నునకు 5 గ్రాములకు పైబడిన బంగారముతో, నిలువయున్నదని లెక్క తేలినది. వేలములో ఈ క్షేత్రము కేంద్రప్రభుత్వ సంస్థయగు ఎన్.ఎం.డి.సి. వారికి దక్కినది. గని తెరువబడునను ఆశ చుట్టుపట్ల పల్లెలలో మరల చిగిర్చినది.

ఇక మన సమ్మతి మాట. నా అభిప్రాయము స్పష్టముగ చెప్పెదను. గని తెరువబడవలెను, విస్తరింపవలెను. రాతిపనియందు తరతరముల నేర్పుగల కులము గనికి అడ్డుపడుట తగదు. యంత్రములు వచ్చి క్వారీలలో మనవారి సుత్తికి పనిలేకుండ చేయుచున్న దినములివి. వడ్డెర సహకార సంఘములకు కొన్ని క్వారీలలో నియమములు ప్రాధాన్యమిచ్చినను, పెట్టుబడి లేని సంఘము కాగితముపై యజమానియై, స్థలముపై కూలివానిగనే మిగులుట అనేకచోట్ల కనబడుచున్నది. గనియందు శిక్షణ, నెలజీతము, వైద్యము లభించునేని అది మన యువకులకు మేలే.

అయితే సమ్మతి అనునది చప్పట్లు కొట్టుట కాదు. పెద్ద గనుల అనుమతులకు పూర్వము ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెనని 2006 నాటి పర్యావరణ ప్రకటన విధించుచున్నది. అట్టి సభలలో మనవారిని లారీలలో తెచ్చి కూర్చుండబెట్టి, చేతులెత్తుమన్నపుడు ఎత్తించుట ఆచారమైపోయినది. 1930 లో వ్రేలు ఎత్తనివారి చరిత్ర ఇపుడే చదివితిమి! చేయి ఎత్తుటకు ముందు అడుగవలసినవి అడుగవలెను. ధూళిని నీటితో అణచుదురా? ఏటేట ఊపిరితిత్తుల పరీక్ష ఎవరు చేయింతురు? పర్మనెంటు కార్మికులకేనా, కాంట్రాక్టు కూలీలకుకూడనా? ఈ చివరి ప్రశ్నయే ప్రధానము. ఏలన మనవారు చేరునది తరచు కాంట్రాక్టరు పట్టీలోనే. సిలికోసిస్ నష్టపరిహారమునకు అర్హమైన వృత్తిరోగమని చట్టమున్నను, పట్టీలో పేరులేనివాడు రోగినని నిరూపించుకొనలేడు.

మరియు నీరు. బంగారమును రాతినుండి వేరుపరచుటకు సయనైడు వాడుదురు. మిగిలిన పొడి కోలారులో 13 దిబ్బలుగ, మూడుకోట్ల టన్నులకు మించి, నేటికిని నిలిచియున్నది. గాలి వీచినపుడు ఇండ్లలోనికి వచ్చునది ఆ పొడియే. బిసానత్తమున అట్టి దిబ్బ ఎచట పోయుదురు, దాని దిగువ ఏ చెరువున్నది అని మన చెరువుల సంగతి మనకంటె బాగుగ ఎరిగినవారెవరు? కట్టలు పోసినది మనవారే గదా!

2015 లో చేసిన సవరణనుబట్టి వేలములో పొందిన గనులవారు రాయల్టీపై నూటికి పది వంతున జిల్లా ఖనిజ నిధికి చెల్లింపవలెను. ఆ సొమ్ము గని ప్రభావముగల గ్రామములకు చెందవలసినది. చిత్తూరు పట్టణములో భవనము కట్టుటకు కాదు. గుడుపల్లె మండలమున వడ్డెర బాలురకు వసతిగృహము, గని విద్యలో శిక్షణాలయము, ఛాతీ పరీక్షకు ఎక్స్ రే యంత్రముగల ఆసుపత్రి, ఈ మూడును వ్రాతపూర్వకముగ కోరవలెనని నా మనవి. పోషకులు ధనముతో మాత్రమేగాక అర్జీ వ్రాయుటకు తమ కలముతోను సాయపడవలెను.

గని మూతపడినపుడు రావలసిన బాకీలు ముట్టలేదని చెప్పు వృద్ధులు పల్లెలలో ఇంకను కలరు. వారి వద్దనున్న జీతపు చీట్లు, గుర్తింపు కార్డులు, ప్రావిడెంటు ఫండు కాగితములు చెదలు తినకముందే గ్రామ శాఖలు ప్రతులు తీయించి సంఘ కార్యాలయమున భద్రపరుపవలెను. క్రొత్త గనివారు అనుభవజ్ఞుల కుటుంబములకు ప్రాధాన్యమిత్తుమన్న దినమున ఆ కాగితమే అనుభవమునకు సాక్ష్యము. రాబోవు సభలోపల గుడుపల్లె, కుప్పము, రామకుప్పము శాఖలు ఈ పట్టీని సిద్ధపరచినచో, సంఘముయొక్క అర్జీతో దానిని జతపరుప వీలగును.